నవ్వినవాళ్ళంతా విన్నట్టే

నేను అబద్ధాలకోరునని మా చుట్టాలందరికీ ఒక నమ్మకం. అబద్ధాలు వేరు, కోతలు వేరని ఎంత చెప్పినా వినరు. మా తాతగారు వంశధార వరదలో గుమ్మడికాయ ఎక్కి కళింగపట్నం దాకా ప్రయాణం చేశారని నేను చెబుతాను. అది జరగలేదని వినేవాళ్ళకి తెలుసు, వాళ్ళకి తెలుసని నాకూ తెలుసు. అందులో మోసపోయినవాడెవడూ లేడు, ఆ గుమ్మడికాయ తప్ప. అసలైన అబద్ధం, అంటే ఎదుటి మనిషి నమ్మాలనే ఉద్దేశంతో, నమ్ముతాడని తెలిసి చెప్పింది, నా యాభై రెండేళ్ళలో ఒక్కటే ఉంది. "చూశానండీ" అన్న ఒక్క ముక్క. ఒక హెల్త్ ఇన్‌స్పెక్టరుగారితో అన్నాను. ఆ ముక్క వెళ్ళి ఒక పిల్ల చెవికి అడ్డం పడింది.

అరవయ్యో దశకం చివరి సంవత్సరాల మాట. నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది గరివిడి దగ్గర పల్లెటూరు, వరీ చోళ్ళూ నువ్వులూ తప్ప మరో సంగతి తెలియని రైతుల ఇల్లు. ఉద్యోగం మాత్రం భావనపాడు పక్కన, సముద్రం ఒడ్డున ఒక చిన్న పల్లెలో వేశారు. అక్కడికి వెళ్ళమంటే ముగ్గురు మగ మేష్టర్లు వరసగా కడుపునొప్పి సర్టిఫికెట్లు పెట్టారని, నాలుగో మనిషిని నేనని తరవాత తెలిసింది. తాటాకు పాకలో బడి. నలభైమంది పిల్లలు, అయిదు తరగతులు, ఒక నల్లబల్ల, నేను.

ఆ పల్లెలో ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడరు. సముద్రం హోరులో మాట్లాడి లాభం లేదు, అరవాలి. కొత్తలో ఒక మొగుడూ పెళ్ళాం కేకలు వేసుకుంటుంటే తగువు తీరుద్దామని పరుగెత్తాను. తీరా చూస్తే ఆయన పులుసు బాగుందని ఆవిణ్ణి మెచ్చుకుంటున్నాడు. రహస్యం చెప్పుకోవాలంటే నౌపడా ఉప్పుమడుల దాకా నడిచి వెళ్ళాల్సిందే. మూడు నెలలు తిరిగేసరికి నా గొంతూ అలాగే తయారైంది. సెలవులకి ఇంటికి వెళ్ళి "అమ్మా, మజ్జిగ" అంటే పక్కింటివాళ్ళు కూడా చెంబుతో మజ్జిగ తెచ్చారు. ఇది కొంచెం కోతే, ఒప్పుకుంటాను.

నేను చేరిన ఏడాదే ఒక ముసలమ్మ మనవరాల్ని చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చింది. ఆవిడ తెల్లారుతూనే ఒడ్డున చేపలు కొని, గంపలో పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకునేది. పిల్ల తల్లీతండ్రీ పారాదీపు వైపు చేపల పనికి వెళ్ళిపోయారు. ఊరంతా ఆవిణ్ణి మామ్మ అనేది, నేనూ అలాగే పిలిచాను.

"ఏటి పంతులమ్మా, మా గుంటని సేర్సుకుంటావా, ఒగ్గేస్తావా?"

"వయసెంత మామ్మా?"

"ఏమో తల్లీ. ఒడ్డున పెద్ద సొరసేప పడ్డ ఏడు పుట్టినాది."

"సొరచేప ఎప్పుడు పడింది?"

"ఇది పుట్టిన ఏడే గదేటి! ఏటడుగుతావు?"

పుట్టినరోజు కాగితాలు లేని ఊళ్ళో మాకు ఒకటే కొలత ఉండేది. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవిని పట్టుకోవాలి. అందితే అయిదేళ్ళు నిండినట్టు, బడిలో చేరినట్టు. నేను చేసి చూపించాను. పిల్ల నా చేతిని చూసి, నా మొహం చూసి, చటుక్కున చెయ్యి తిప్పి చెవి పట్టుకుంది. అందడమేమిటి, మెలేసి పిండింది కూడా. మామ్మ మురిసిపోయింది. నేను రిజిస్టర్లో రాసుకున్నాను. ఆ చెవి అందిందా అన్నదే నేను చూసింది. అది వింటుందా అని చూడమని ఏ కొలతలోనూ లేదు, నాకూ తోచలేదు.

ఆ పిల్ల నల్లబల్ల మీద రాసింది చూసి ముత్యాల్లా దింపేది. అదే పాఠం నేను పైకి చదివి, విని రాయమంటే పక్కపిల్ల పలకలోకి తొంగిచూసేది, లేకపోతే నిన్నటి పాఠమే మళ్ళీ రాసేది. పిలిస్తే ఒకసారి పలికేది, రెండుసార్లు పలికేది కాదు. మొండిఘటం అనుకున్నాను. నాకు మొండివాళ్ళని బెత్తంతో కొట్టే అలవాటు లేదు, అంతకన్నా చెడ్డ అలవాటు ఉంది. కథలో పెడతాను. "పిలిస్తే పలకని రొయ్య" అని ఒక కథ కట్టాను. ఆ రొయ్యని వాళ్ళమ్మ పిలుస్తుంది, పలకదు. తాబేలు పిలుస్తుంది, పలకదు. చివరికి పులుసుగిన్నె పిలుస్తుంది, "ఆఁ, వస్తన్నాను" అంటుంది. పిల్లలు విరగబడి నవ్వేవారు. రొయ్య అన్నప్పుడల్లా మిగతా తలలన్నీ ఆ పిల్ల వైపు తిరిగేవి. అది కూడా నవ్వేది. అందరికన్నా గట్టిగా నవ్వేది. తనమీద తాను నవ్వుకోగలుగుతోంది, మొండిదైనా గుణం మంచిదే అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇవాళ పొద్దంతా పట్టింది.

దసరా ముందు పంచాయతీ సమితి ఆఫీసు నుంచి ఒక హెల్త్ ఇన్‌స్పెక్టరుగారు సైకిలు మీద వచ్చారు. ఇసకలో సైకిలు నడవదు గనక సైకిలే ఆయన మీద వచ్చిందనాలి. భుజం మీంచి దింపి, చెమట తుడుచుకుని, నాకొక ఫారం ఇచ్చారు. కన్ను, చెవి, కాలు, చెయ్యి అని నాలుగు గళ్ళున్నాయి. ఎవరికి ఏ లోపం ఉన్నట్టు అనుమానం వస్తే వాళ్ళ పేరు ఆ గడిలో రాయాలి. సెలవులయ్యాక ఒక డాక్టరుగారు నౌపడా వచ్చి ఆ పేర్లున్న పిల్లల్ని చూస్తారు.

"అయ్యో, చెవుడో కాదో నాకెలా తెలుస్తుందండీ?" అన్నాను.

"మీకు తెలియక్కర్లేదండీ. మీది ఏరే పని, తేల్చే పని కాదు. ఒక్కొక్కళ్ళనే పిలవండి. వెనక పదడుగుల దూరంలో నించుని, మెల్లగా ఒక మాట అనండి. తిరిగి అనలేకపోతే పేరు రాసెయ్యండి. చెవుడా, జలుబా, సిగ్గా, అది మీకొద్దు. డాక్టరుగారు కూచోబెట్టి అన్నీ అడిగి, చూసి, ఏం కావాలో తేలుస్తారు."

"తప్పుగా రాస్తే?"

"పది పేర్లు ఎక్కువ రాయండి, ఫరవాలేదు. డాక్టరుగారు నవ్వి పంపించేస్తారు. ఒక్క పేరు తక్కువ రాశారనుకోండి, ఆ బిడ్డ ఆయనకి కనబడదు."

ఇంతకన్నా తేటగా చెప్పేవాళ్ళుండరు. నేను తల ఊపాను. ఫారం బల్లసొరుగులో పెట్టాను. పెట్టి రెండు వారాలు మరిచిపోయాను.

సెలవులిచ్చే రోజు మధ్యాహ్నం సొరుగులోంచి అది నన్ను చూసింది. ఆ సాయంత్రం పాసింజరు అందుకోకపోతే మళ్ళీ మర్నాడే. ఇంటి దగ్గర అక్కచెల్లెళ్ళంతా చేరి ఉంటారు, అందరం కలిసి విజయనగరం వెళ్ళి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడాలని ఏడాదినాటి మాట. నలభైమందిని ఒక్కొక్కళ్ళనే పిలిచి, వెనక నించుని, గుసగుసలాడి... ఎప్పటికి తెమలాలి? అప్పుడు నాకొక అద్భుతమైన ఆలోచన వచ్చింది. అద్భుతమైన ఆలోచనలన్నీ నాకు రైలు వేళకే వస్తాయి.

అందరినీ బార్లు తీర్చి కూచోబెట్టి గుమ్మడికాయ కథ మొదలుపెట్టాను. తాతగారు తీగెల్ని కళ్ళేల్లా పట్టుకోవడం, నీళ్ళలో ఊగిపోవడం, మీసం మెలెయ్యడం, కళింగపట్నం దీపస్తంభం మనిషి అదేదో విదేశీ ఓడ అని కేకేసి జెండా ఊపడం, అన్నీ చేతులతో, కళ్ళతో, నడుంతో అభినయించాను. నా లెక్క చాలా తేలిక. మీసం మెలేస్తే నవ్వారంటే కళ్ళు కనబడుతున్నట్టు. దీపస్తంభం వాడి మాటకి నవ్వారంటే చెవులు వినబడుతున్నట్టు. లేచి గెంతారంటే కాళ్ళూ చేతులూ బాగున్నట్టు. నలభైమందీ నవ్వారు, నలభైమందీ గెంతారు. మూడో వరసలో ఆ పిల్ల పక్కపిల్ల మొహం చూసి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. నాలుగు గళ్ళలోనూ "ఎవరూ లేరు" అని రాశాను. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

సంచీ భుజాన వేసుకుని గడియ పెడుతుంటే ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఫారం చూసి కనుబొమలెత్తారు.

"ఒక్కరూ లేరాండీ?"

"లేరండీ."

"ఒక్కొక్కళ్ళనీ చూశారా?"

అప్పుడన్నాను. "చూశానండీ."

"అదృష్టవంతులండీ. పక్క పల్లెలో ఆరుగురు తేలారు," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను ఇసకలో చెప్పులు చేత్తో పట్టుకుని స్టేషనుకి పరుగు తీశాను.

సిరిమాను చూశాను. కళ్ళారా చూశాను. పూజారిగారు అంతెత్తు మాను చివర కూచుని ఊరేగుతుంటే జనం విసిరిన అరటిపండొకటి సూటిగా నా నెత్తిన పడింది. అమ్మవారి దయ అనుకుని తిన్నాను. అమ్మవారు గురిచూసి కొట్టిందని ఇప్పుడనుకుంటాను.

సెలవులయ్యాక పది రోజులకి, ఒక ఆదివారం పొద్దున్న ఒడ్డుకి వెళ్ళాను. ఆ పిల్ల అల తాకే చోట, సముద్రానికి వీపు పెట్టి, తడి ఇసక మీద చిన్న చేపల్ని పెద్ద చేపల్ని విడదీస్తోంది. వెనకనించి ఒక తెప్ప అల మీద దూసుకొస్తోంది. మీదున్నవాళ్ళు "లెగు! లెగవే గుంటా!" అని కేకలు. అది చేపలు ఏరుకుంటూనే ఉంది. పక్కనున్న మామ్మ మాత్రం కంగారు లేకుండా ఒక తడి ఇసక ముద్ద తీసి దాని వీపుమీదికి విసిరింది. పిల్ల వెంటనే బుట్టతో సహా పక్కకి గెంతింది. తెప్ప దాని పక్కనించి ఇసకెక్కింది.

"ఇసక ఎందుకు విసిరావు మామ్మా?"

"పిలిసినాను."

"నోటితో పిలవకూడదా?"

"ఈ అలల్లో ఏటి ఇనపడతాది తల్లీ? ఒడ్డుమీద ఎవులికైనా అంతే."

"మిగతా పిల్లల్ని ఇసకతో పిలవడం నేను చూడలేదే?"

మామ్మ చేతికంటిన ఇసక దులుపుకుంది. ఒడ్డున ఆడుకుంటున్న పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే చూసింది. తరవాత నన్ను చూసింది. "అవునే..." అంది చాలా చిన్న గొంతుతో. ఆ పల్లెలో అంత చిన్న గొంతు నేను వినడం అదే.

పిల్లని బడికి తీసుకెళ్ళాను. తలుపు వేశాను. గోడవైపు తిప్పి నించోబెట్టి, పదడుగులు లెక్కపెట్టుకుని వెనక నించున్నాను. దాని పేరు మెల్లగా అన్నాను. కదల్లేదు. మామూలుగా అన్నాను. కాలిబొటనవేలుతో నేలమీద సున్న చుట్టుకుంటోంది. ఇంకా పెంచాను, ఇంకా పెంచాను. చివరికి కథ చెప్పేటప్పుడు వచ్చే గొంతుతో అరిచాను. అప్పుడు తిరిగింది. తిరిగి, కథ మొదలుపెడతాననుకుందో ఏమో, మొహమంతా నవ్వు చేసుకుని నన్ను చూసింది.

నా కోతల గొంతు ఎక్కడ మొదలవుతుందో దాని వినికిడి అక్కడ మొదలవుతోంది. అందులోనూ మాటలు కాదు, చప్పుడు. మిగతాదంతా నా చేతులూ పక్కపిల్ల పళ్ళూ చూసి నవ్వుతోంది ఇన్నాళ్ళూ.

దగ్గరికి పిలిచి జుట్టు తొలగించాను. చెవిలో నూనె ఓడుతున్న దూది. తీస్తే వాసన.

మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "సెవి కారతాది పంతులమ్మా. ఎల్లుల్లి కాసిన నూని పోస్తన్నాను. ఎండలొస్తే ఆరతాది, వానలొస్తే మళ్ళా కారతాది. గుంటలన్నాక కారవేటి?" అని, "దసరా అయినాక నౌపడా డాక్టరు బాబు వచ్చినాడంట గదా. పక్క పల్లి గుంటలెల్లినారు. మన పల్లి నుంచి ఎవులూ ఎల్లనేదేటి?" అంది.

"మన బడి కాగితంలో ఎవరి పేరూ లేదు మామ్మా."

కాగితం తనంతట తానే రాసుకున్నట్టు చెప్పాను చూడండి.

మామ్మకి ఆ మాట ఊరటగా తోచింది. "ఓహో. అయితే అప్పటికి దీనికి బాగానే ఉన్నాదన్నమాట. సెవుడు ఈ నాలుగు రోజుల్లోనే వచ్చినట్టున్నాది," అంది. నేను ఆవిడ మాట దిద్దలేదు.

ఆ వారమే సెలవు పెట్టి ఇద్దర్నీ విజయనగరం తీసుకెళ్ళాను. అక్కడ చెవీ ముక్కూ గొంతూ చూసే ముసలి డాక్టరుగారొకాయన మా నాన్నకి ఎరుక. మామ్మ డాక్టరుగారికి ఇద్దామని ఒక బుట్టెడు ఎండుచేపలు రైలెక్కించింది. పెట్టెలో సగంమంది తరవాతి స్టేషనులో దిగి వేరే పెట్టె ఎక్కారు. మిగిలిన పెద్దమనిషొకాయన ముక్కుకి కండువా కట్టుకుంటే, "ఇది నాటుమందండీ, ఈ వాసన పీలిస్తే ఆరునెలలు పడిశం రాదు," అన్నాను. ఆయన కండువా విప్పేశాడు. పిల్ల ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి నవ్వింది. మిగతా రోజుల్లో అయితే ఆ నవ్వు నాకు బిరుదు. ఆ రోజు కిటికీలోంచి తల బయటపెట్టి కూచున్నాను.

డాక్టరుగారు చెవిలోకి దీపం వేసి చూడడం ఒక నిమిషం పని. అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఆయన గంటన్నర కూచోబెట్టారు. ఇనప కమ్మీ మోగించి తలకి ఆనించి చూశారు, చెవి పక్కన పట్టుకుని చూశారు. మామ్మని అడిగారు, ఏ పక్కకి తిరిగి పడుకుంటుంది, పడుకున్నప్పుడు పిలిస్తే లేస్తుందా, ఎవరి మాట బాగా అర్థమవుతుంది, సముద్రంలో మునుగుతుందా, ఒక్కతే ఎక్కడెక్కడికి వెళుతుంది అని. నన్నడిగారు, ఏ వరసలో కూచుంటుంది, మీరు మాట్లాడేటప్పుడు మొహం ఎటు పెడతారు, రాయడం ఎలా రాస్తుంది అని. చివరికి పిల్లనే అడిగారు, మొహానికి మొహం పెట్టి, నీకు బళ్ళో ఏది ఇష్టం అని. "కత" అంది. ఏ కథ అని అడిగారు. పిల్ల చేతులు రెండూ ముందుకి చాపి కళ్ళేలు పట్టుకున్నట్టు ఊగి, మీసం మెలేసింది. కథలో మాట ఒక్కటీ చెప్పలేకపోయింది.

"ఎడమ చెవిలో పెద్దగా ఏం మిగల్లేదమ్మా," అన్నారు డాక్టరుగారు. "కుడిది శుభ్రం చేసి, మందేసి, ఆరబెట్టుకుంటే ఉన్నది నిలుస్తుంది. అదొక్కటే చాలదు. పిల్లకి కావలసినవి ఇంకా ఉన్నాయి. మొదటి వరసలో, కుడి చెవి మీ వైపు ఉండేలా కూచోబెట్టండి. నల్లబల్లకేసి తిరిగి మాట్లాడకండి. చదవడం బాగా నేర్పండి, ఇకమీద దీనికి సగం చెవి అదే. ఒడ్డున దీన్ని ఒక్కదాన్నే వదలకండి మామ్మా."

"ఎడమది ఎప్పుడు పోయినాది బాబూ?" అంది మామ్మ.

"ఇదివరకు ఎవరైనా చూశారా?"

"బళ్ళో సూసినారంట. బాగున్నాదని కాయితం రాసినారు."

డాక్టరుగారు నన్ను చూశారు. "బళ్ళో చూసేది ఏరడానికి. అందులో పేరు పడితే మా దగ్గరికొస్తారు. ఇలా కూచోబెట్టి చూస్తేగాని ఏం పోయిందో, ఏం కావాలో తెలియదు."

మామ్మకి అది వెంటనే అందింది. "నా బేరవే గదా బాబూ. ముందు గంపలు సూసుకుంటా పోతాను, ఏ గంప కాడ ఆగాలో సూస్తాను. ఆగినాక ఒక్కో సేపకీ మొప్ప ఎత్తి సూసి కొంటాను. గంప సూసి బేరం ఆడొచ్చు గానీ మొప్ప ఎత్తకండా కొనకూడదు."

"ఆగవలసిన గంప దగ్గర ఆగకుండా పోతే?" అన్నారు డాక్టరుగారు.

"ఇంకేటున్నాది? సేప కుల్లిపోతాది."

నేను గోడమీద కేలండరు చూస్తూ కూచున్నాను.

"ఎడమది ఎప్పుడు పోయిందో చెప్పలేనమ్మా," అన్నారాయన. "ఏడాది కిందటే పోయిందో, ఈ వానల్లోనే పోయిందో. దసరాకి ముందు ఎవరైనా నిజంగా చూసి ఉంటే చెప్పగలిగేవాణ్ణి."

పల్లెకి తిరిగొచ్చాక మామ్మ నన్ను దేవతని చేసింది. పంతులమ్మ సొంత సెలవు పెట్టుకుని తన మనవరాల్ని రైలెక్కించి తీసుకెళ్ళిందని ఒడ్డంతా చాటింది. మూడు రోజులు ఆడవాళ్ళు నా గుమ్మంలో చేపలు పెట్టి వెళ్ళారు. ఒకావిడ వంజరం ముక్కలు పులుసు పెట్టి మరీ పంపింది. ముద్ద గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, దిగింది. అదీ నేను.

నాకు చేతనైంది చేశాను. నలభైమందినీ ఒక్కొక్కళ్ళనే గోడవైపు తిప్పి పదడుగుల వెనక నించున్నాను. రెండు రోజులు పట్టింది. ఇంకో ఇద్దరు తేలారు. ఒకడి చెవిలో ఎప్పుడో దూరిన శనగబద్ద ఉంది. రెండో పిల్లకి జలుబేనని తరవాత తెలిసింది, అయినా పేరు రాశాను. కాగితం పట్టుకుని సమితి ఆఫీసుకి వెళ్ళి ఇన్‌స్పెక్టరుగారికిచ్చి, ఆ రోజు నేను చూడలేదండీ అని చెప్పేశాను. ఆయన కోప్పడతారనుకున్నాను. ఆ మూడు పేర్లూ చూసి, "గడియ పెడుతున్నారు కదా అని నేనూ ఊరుకున్నానండీ. ఒక్కణ్ణి పిలిచి చూడవలసింది," అన్నారు. ఆయన తన వంతు ఎత్తుకుంటే నా బరువు తగ్గాలి కదా. తగ్గలేదు.

ఇక మామ్మకి చెప్పాలి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని సంక్రాంతి దాటించాను. పిల్ల ఇప్పుడు మొదటి వరసలో కుడి చెవి నా వైపు పెట్టుకుని కూచుంటోంది. నా పెదాల మీంచి చూపు తిప్పదు. ఒక్కోసారి నేను మాట అనకముందే దానికి తెలిసిపోతోందనిపించి భయం వేసేది. చివరికి ఒక మధ్యాహ్నం బడి వదిలాక వాళ్ళింటికి వెళ్ళాను. ఇంటి ముందు పాత వల పరిచి మామ్మా మనవరాలూ చేపలు ఎండబెడుతున్నారు. నించునే చెప్పాను. ఒక్కొక్కళ్ళని చూడమన్నారని, చూడలేదని, రైలు తప్పిపోతుందని కథ చెప్పి ఎవరూ లేరని రాసేశానని, చూశానని ఇన్‌స్పెక్టరుగారికి అబద్ధమాడానని.

మామ్మ నా మొహం చూసింది. తరవాత పకపకా నవ్వింది.

"ఊరుకోయే పంతులమ్మా! రైలు కోసరం గుంటల్ని గుమ్మడికాయ ఎక్కించినావా? ఎన్ని కతలు కడతావే తల్లీ నువ్వు! నాను నవ్వుకుంటానని సెప్తన్నావు గదా? మాకు మేలు సేసినోళ్ళెవులు, సెయ్యనోళ్ళెవులు, మాకు తెల్దేటి?"

"కథ కాదు మామ్మా..."

"కత కాదని గూడా కతలోనే సెప్తావు నువ్వు. కూకో, మజ్జిగిస్తాను."

నా నోటికి వచ్చిన ఒకే ఒక్క నిజం ఆవిడ చేతిలో అలా అయిపోయింది. సరే, నమ్మకపోతే నా తప్పా, చెప్పాను కదా, వెళ్ళిపోదాం అని ఒక్క క్షణం అనిపించిన మాట కూడా దాచను. అప్పుడు పిల్ల లేచింది. చేపల చెయ్యి గౌనుకి తుడుచుకుని నా ఎదురుగా వచ్చి నించుంది. ఇందాకటినుంచీ నా నోటివంకే చూస్తోందని అప్పుడు గమనించాను.

"నా పేరు రాసుంటే ఈ సెవి ఇనపడునా పంతులమ్మా?" అంది, ఎడమ చెవి పట్టుకుని.

నాకు కథలు చెయ్యి దూరంలో ఉంటాయి. పేరు రాసినా అంతేనమ్మా అనొచ్చు. చెవులు సముద్రుడికి అప్పిచ్చావు, తిరిగిస్తాడు అనొచ్చు. ఏదన్నా అది నమ్మేది.

"తెలీదు," అన్నాను. "అప్పుడు చూస్తే తెలిసేది. నేను చూడలేదు."

చివరి మాట అనేటప్పుడు తల వంచుకున్నాను కాబోలు. పిల్ల నా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"అందనేదు. మళ్ళీ సెప్పు. మెల్లిగా సెప్పు."

మోకాళ్ళమీద కూచుని, దాని కళ్ళకి నా నోరు సరిగ్గా ఎదురుగా పెట్టి, ఒక్కో మాటా విడదీసి మళ్ళీ చెప్పాను. నేను. చూడ. లేదు. ఎక్కడా చెయ్యి ఊపలేదు, కన్ను తిప్పలేదు, గొంతు పెంచలేదు. పిల్ల పెదాలు నాతోపాటే కదిలాయి. పూర్తయ్యాక తలాడించింది, అర్థమైందన్నట్టు.

వెనక మజ్జిగ చిలుకుతున్న మామ్మ నవ్వు ఎప్పుడాగిందో నేను వినలేదు. చెంబు తెచ్చి నా పక్కన పెట్టింది గానీ, తాగమని అనలేదు.